మూడు గొంతుల కంప్యూటరు
కమోడోర్ 64 పై సంగీత రచనకు తొలి పాఠములు

ధ్వనికి మూడు లక్షణములు కలవని ఉన్నత పాఠశాల విద్యార్థులు భౌతికశాస్త్రములో చదువుకొందురు. మొదటిది స్థాయి, అనగా స్వరము హెచ్చుగానో తగ్గుగానో వినిపించుట. రెండవది తీవ్రత. మూడవది గుణము, ఒకే స్థాయిలో, ఒకే తీవ్రతతో మ్రోగినను వీణను, వేణువును చెవి వేరుగా గుర్తించుటకు ఇదియే కారణము. స్థాయి పౌనఃపున్యమును, తీవ్రత కంపన పరిమితిని, గుణము తరంగాకారమును అనుసరించి ఉండును. ఈ వాక్యములను పరీక్షలో వ్రాయుట తేలికయే. కాని తక్కిన రెండింటిని కదపకుండ ఒక్క లక్షణమును మాత్రమే మార్చి చెవితో పరీక్షించుట కష్టము. వీణతీగను గట్టిగా మీటినచో తీవ్రతతోపాటు గుణము కూడ కొంత మారును. వేణువును గట్టిగా ఊదినచో స్థాయియే మారిపోవును.

1982లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన కమోడోర్ 64 అను ఇంటి కంప్యూటరులో ఈ లక్షణములు వేరు వేరు గదులలోని సంఖ్యలుగా ఉన్నవి. ఒక గదిలోని సంఖ్యను మార్చినచో స్థాయి మాత్రమే మారును; వేరొక గదిలోని సంఖ్యను మార్చినచో గుణము మాత్రమే మారును. అందుచేత ఈ పాత యంత్రముపై పాట కట్ట నేర్చుకొనువాడు ధ్వనిశాస్త్రమును కూడ తెలియకుండనే నేర్చుకొనును. సంగీతము తెలిసినవానికి గణితము, గణితము తెలిసినవానికి సంగీతము ఇక్కడ అవసరమగును.

యంత్రము, దాని ధ్వని చిప్పు

కమోడోర్ 64 పేరులోని 64 దాని జ్ఞాపకశక్తిని తెలుపును. అది 64 కిలోబైట్లు. ఈనాటి జేబు ఫోనులో తీసిన ఒక్క ఛాయాచిత్రము కూడ అందులో పట్టదు. మొదట దాని వెల 595 డాలర్లు. టెలివిజనుకు తగిలించి వాడుకొను ఈ యంత్రము 1994 వరకు తయారయి, కోటికి పైగా అమ్ముడుపోయినది.

ఆ కాలపు ఇంటి కంప్యూటర్లు పెక్కు ‘బీప్’ మను కూత కూయుటకు మాత్రమే పనికివచ్చెడివి. కమోడోర్ 64 లోని ధ్వని చిప్పు అట్టిది కాదు. దానిని ‘సిడ్’ అని పిలుతురు. దాని సంఖ్య 6581. రాబర్ట్ యానిస్ అను ఇంజనీరు దీనిని రూపొందించెను. ఆటలలో చప్పుడు చేయు చిప్పుగా గాక, సంగీత వాద్యమునకు తగినదిగా ఆయన దీనిని నిర్మించెను. పిమ్మట ఆయన ఆ సంస్థను వీడి, ఎన్సోనిక్ అను ఎలక్ట్రానిక్ వాద్యముల సంస్థను స్థాపించినవారిలో ఒకడయ్యెను.

సిడ్ చిప్పులో మూడు గొంతులు కలవు. ఒక్కొక్క గొంతు ఒక కాలములో ఒక్క స్వరమునే పలుకగలదు. అనగా మూడు స్వరములకు మించి ఒకేసారి మ్రోగవు. ఈ యంత్రముపై సంగీత రచన అంతయు ఈ పరిమితికి లోబడి జరుగవలసినదే.

చిప్పు లోపల జరుగునది

స్వరము పుట్టు విధము చాల సరళమైనది. చిప్పులో ప్రతి గొంతుకును ఒక లెక్కింపు చక్రము కలదని ఊహించవలెను. మోటారు బండిలో మైళ్ళు లెక్కించు చక్రమువలె ఇది సున్నతో ఆరంభించి, చివరి అంకె దాటగనే తిరిగి సున్నకు వచ్చును. ఈ చక్రమునకు 1,67,77,216 మెట్లు కలవు. ఇది 2 యొక్క 24వ ఘాతము.

యంత్రములోని గడియారము సెకనుకు సుమారు 9,85,248 సార్లు కొట్టుకొనును. ఇది ఐరోపాలో అమ్మిన యంత్రముల లెక్క. అమెరికా యంత్రములలో ఇది సుమారు 10,22,727. గడియారము కొట్టుకొన్న ప్రతిసారియు చక్రము కొన్ని మెట్లు ముందుకు జరుగును. ఎన్ని మెట్లు జరుగవలెనో తెలుపు సంఖ్యను ఇచ్చుటయే సంగీతకారుని పని. దీనిని ఇక్కడ స్వరసంఖ్య అందము.

స్వరసంఖ్య 4800 అనుకొన్నచో, చక్రము ఒక చుట్టు తిరుగుటకు సుమారు 3,495 దెబ్బలు పట్టును. సెకనుకు 9,85,248 దెబ్బలు కాబట్టి, చక్రము సెకనుకు సుమారు 282 చుట్లు తిరుగును. అదియే స్వరము యొక్క పౌనఃపున్యము, 282 హెర్ట్జులు. స్వరసంఖ్యను రెట్టించినచో చక్రము రెట్టింపు వేగముతో తిరుగును, పైస్థాయి వినిపించును. ఐరోపా యంత్రములో కావలసిన పౌనఃపున్యమును 17.0284 చే గుణించినచో స్వరసంఖ్య వచ్చును. ఉదాహరణకు 440 హెర్ట్జులకు 7493.

చక్రము ఏ మెట్టున ఉన్నదో ఆ ఎత్తునే విద్యుత్ పీడనముగా బయటకు పంపినచో, అది మెల్లగా పెరిగి హఠాత్తుగా పడిపోవును. ఇది రంపపు పంటి తరంగము. సగము చుట్టు వరకు పెంచి, తక్కిన సగము తగ్గించినచో త్రిభుజ తరంగము. చక్రము ఒక గుర్తు దాటు వరకు ఒక మట్టము, దాటిన పిమ్మట వేరొక మట్టము పంపినచో స్పంద తరంగము. నాలుగవది క్రమములేని రొద. మొదటి మూడింటిలోను చక్రపు వేగమొక్కటే. కావున స్థాయి మారదు. మారునది తరంగాకారము, అనగా గుణము. త్రిభుజ తరంగములో పై అనుస్వరములు చాల బలహీనము, అందుచేత అది మెత్తగా వినిపించును. రంపపు పంటి తరంగములో అన్ని అనుస్వరములును బలముగా ఉండుటచే అది కంచు వాద్యమువలె చురుకుగా వినిపించును.

మొదటి స్వరము

కమోడోర్ 64 ను వెలిగించినంతనే బేసిక్ అను భాషలో ఆదేశములు ఇచ్చుటకు సిద్ధముగా ఉండును. ఆ బేసిక్‌లో సంగీతమునకై ప్రత్యేకమైన ఆదేశములు లేవు. ఉన్నదెల్ల ‘పోక్’ అను ఆదేశము. ‘ఈ నంబరు గదిలో ఈ సంఖ్యను ఉంచుము’ అని దాని అర్థము. సిడ్ చిప్పు గదులు 54272వ నంబరుతో ఆరంభమగును. ఒక్కొక్క గొంతుకు ఏడేసి గదులు. అటుపిమ్మట నాలుగు గదులు మూడు గొంతులకును ఉమ్మడి.

ఒక్కొక్క గదిలో 0 నుండి 255 వరకు మాత్రమే పట్టును. కావున స్వరసంఖ్యను రెండు గదులలో పంచి పెట్టవలెను. 4800 ను 256 చే భాగించినచో భాగఫలము 18, శేషము 192. భాగఫలమును పెద్ద గదిలోను, శేషమును చిన్న గదిలోను ఉంచవలెను.

ఈ వ్యాసములోని ఆదేశములు తెలుగు లిపిలో ఉన్నవి. యంత్రముపై వాటిని ఆంగ్లాక్షరములతో కొట్టవలెను. ఒక్కొక్క పంక్తి చివర రిటర్న్ మీట నొక్కవలెను.

పోక్ 54296, 15
పోక్ 54272, 192
పోక్ 54273, 18
పోక్ 54277, 0
పోక్ 54278, 240
పోక్ 54276, 17

మొదటి పంక్తి మొత్తము ధ్వని తీవ్రతను అత్యధికమగు 15 కు పెంచును. రెండు, మూడు పంక్తులు స్వరసంఖ్యను ఇచ్చును. నాలుగు, ఐదు పంక్తుల అర్థము ముందు తెలియును. చివరి పంక్తిలోని 17 అనగా 16, 1 ల మొత్తము. 16 త్రిభుజ తరంగమునకు గుర్తు. 1 అనగా ‘పలుకుము’. ఈ పంక్తి కొట్టగనే స్వరము మొదలై, ‘పోక్ 54276, 16’ అని ఆజ్ఞాపించువరకు ఆగక మ్రోగును.

స్వరము మ్రోగుచుండగనే 54276వ గదిలో 33 ఉంచినచో తరంగము రంపపు పంటిగా మారును. స్థాయి కదలదు, గొంతు మాత్రము మారును. స్పంద తరంగమునకు ముందుగా 54275వ గదిలో 8 ఉంచి, పిమ్మట 54276వ గదిలో 65 ఉంచవలెను. 129 ఉంచినచో వానజల్లు వంటి రొద పుట్టును. స్థాయికిని గుణమునకును గల భేదమును తరగతికంతకు వినిపించుటకు ఈ నాలుగు సంఖ్యలు చాలును.

ఇక్కడ ప్రారంభకుడు తరచు తడబడు విషయమొకటి కలదు. ఈ గదులలో సంఖ్యలను ఉంచవచ్చునేగాని, ఉంచినవాటిని తిరిగి చదువుటకు వీలులేదు. ఏ గదిలో ఏమి ఉంచినదియు రచయితయే కాగితముపై వ్రాసికొనవలెను, లేదా ప్రోగ్రాములో వేరుగా దాచుకొనవలెను.

మీటుట, ఊదుట

వీణకును వేణువునకును భేదము తరంగాకారములో మాత్రమే లేదు. మీటిన తీగ మీటినంతనే గట్టిగా మ్రోగి క్రమముగా క్షీణించును. ఊదిన వేణువు మెల్లగా పుంజుకొని, ఊపిరి ఉన్నంతవరకు నిలిచి, ఆపగనే తగ్గిపోవును. ధ్వని యొక్క ఈ జీవిత చరిత్రను సిడ్ చిప్పు నాలుగు దశలుగా విభజించినది: పుంజుకొనుట, తగ్గుట, నిలుచుట, వీడుట. ఒక్కొక్క దశకు 0 నుండి 15 వరకు ఒక సంఖ్య ఇవ్వవచ్చును. పుంజుకొను కాలము సెకనులో 1000వ వంతులు రెండు మొదలుకొని 8 సెకనుల వరకు ఉండును. తగ్గు కాలము, వీడు కాలము దానికి మూడేసి రెట్లు. నిలుచు దశలోని సంఖ్య మాత్రము కాలమును గాక తీవ్రతను తెలుపును.

54277వ గదిలో మొదటి రెండు దశలు, 54278వ గదిలో చివరి రెండు దశలు ఉండును. ఒక్కొక్క గదిలో మొదటి దశ సంఖ్యను 16 చే గుణించి రెండవ దశ సంఖ్యను కలుపవలెను. పైన 240 ఉంచుటకు కారణమిదియే: 15 × 16 + 0, అనగా పూర్తి తీవ్రతతో నిలిచి, ఆపగనే ఆగుట.

తీగవాద్యమునకు 54277లో 9, 54278లో 0 ఉంచవచ్చును. స్వరము తక్షణమే పుట్టి, ముప్పాతిక సెకనులో క్షీణించును. వేణువువంటి ధ్వనికి 54277లో 80, 54278లో 246 ఉంచి, త్రిభుజ తరంగమును వాడవచ్చును. ఒకే తరంగమునకు ఈ రెండు జీవిత చరిత్రలను మార్చి మార్చి ఇచ్చి విన్నచో, వాద్యమును గుర్తించుటలో చెవి ధ్వని ఆరంభమును ఎంతగా నమ్ముకొని ఉన్నదో తెలియును.

స్వరముల వరుస

యంత్రముతో వచ్చిన పుస్తకములోని స్వరసంఖ్యల పట్టిక పాశ్చాత్య పద్ధతిది. అందు స్థాయిని 12 సమాన భాగములుగా విభజింతురు. పియానో, హార్మోనియములు ఈ పద్ధతిననుసరించును. కాని సిడ్ చిప్పు ఆ పట్టికకు కట్టుబడి లేదు. స్వరసంఖ్యను ఒకటి పెంచినచో పౌనఃపున్యము ఒక హెర్ట్జులో 17వ వంతుకన్న కొంచెము తక్కువగా మాత్రమే పెరుగును. ఇంత సూక్ష్మముగా జరుపగలిగినందున ఏ శ్రుతినైనను దీనిపై నిలుపవచ్చును.

తెలుగునాట సంగీతము నేర్చు పిల్లలు సరళీ వరుసలను మాయామాళవగౌళ రాగములో మొదలుపెట్టుదురు. ఆ రాగ స్వరములకు శుద్ధ నిష్పత్తులు ఇట్లు చెప్పబడుచున్నవి: షడ్జమము 1, శుద్ధ రిషభము 16/15, అంతర గాంధారము 5/4, శుద్ధ మధ్యమము 4/3, పంచమము 3/2, శుద్ధ ధైవతము 8/5, కాకలి నిషాదము 15/8, తారా షడ్జమము 2. షడ్జమమునకు 4800 ను ఎన్నుకొన్నచో తక్కినవన్నియు పూర్ణసంఖ్యలే వచ్చును: 5120, 6000, 6400, 7200, 7680, 9000, 9600. వీటిని 256 చే భాగించి క్రింది ప్రోగ్రాములో ఉంచుట జరిగినది. ఎస్, హెచ్, ఎల్, టి, ఐ అనునవి ఒక్కొక్క ఆంగ్లాక్షరమునకు పేర్లు.

10 ఎస్ = 54272
20 ఫర్ ఐ = 0 టు 24 : పోక్ ఎస్ + ఐ, 0 : నెక్స్ట్
30 పోక్ ఎస్ + 24, 15
40 పోక్ ఎస్ + 5, 9 : పోక్ ఎస్ + 6, 0
50 రీడ్ హెచ్, ఎల్
60 ఇఫ్ హెచ్ = 0 దెన్ ఎండ్
70 పోక్ ఎస్, ఎల్ : పోక్ ఎస్ + 1, హెచ్
80 పోక్ ఎస్ + 4, 33
90 ఫర్ టి = 1 టు 400 : నెక్స్ట్
100 పోక్ ఎస్ + 4, 32
110 గోటు 50
120 డేటా 18, 192, 20, 0, 23, 112, 25, 0
130 డేటా 28, 32, 30, 0, 35, 40, 37, 128
140 డేటా 0, 0

‘రన్’ అని కొట్టగనే ఆరోహణము వినిపించును. 20వ పంక్తి పాత సంఖ్యలన్నింటిని తుడిచివేయును. 50వ పంక్తి ఒక్కొక్క జతను చదువును. 80వ పంక్తి మీటును, 100వ పంక్తి విడుచును. 90వ పంక్తిలో యంత్రము ఊరక 400 వరకు లెక్కించును. స్వరము నిలుచు కాలమదియే. ఇక డేటా పంక్తులను మార్చి ఏ వరుసనైనను వ్రాసికొనవచ్చును. సంగీత రచన ఇక్కడ ఆరంభమగును.

అమెరికా యంత్రములో గడియారము వేరైనందున ఇవే సంఖ్యలకు షడ్జమము సుమారు 293 హెర్ట్జులగును. ఐనను రాగము చెడదు. ఏలయన నిష్పత్తులు మారలేదు. శ్రుతి మాత్రమే కొంచెము పెరిగినది.

మూడు గొంతులను పంచుకొనుట

రెండవ గొంతు గదులు 54279 తోను, మూడవ గొంతు గదులు 54286 తోను మొదలగును. వాటి క్రమము మొదటి గొంతు క్రమమే.

రెండు గొంతులను కలిపి వినుటకు మంచి ప్రయోగమొకటి కలదు. మొదటి గొంతులో షడ్జమమును 18, 192 లతో త్రిభుజ తరంగముగా నిలుపవలెను. రెండవ గొంతుకు 54279లో 226, 54280లో 18, 54285లో 240, 54283లో 17 ఉంచవలెను. రెండవ గొంతు స్వరసంఖ్య 4834. రెండింటికి భేదము 34, అనగా సుమారు 2 హెర్ట్జులు. ధ్వని సెకనుకు రెండుసార్లు పొంగి తగ్గును. శ్రుతిదండములతో ప్రయోగశాలలో చూపు విస్పందనములు ఇవే. 226 కు బదులు 209 ఉంచినచో సెకనుకు ఒక్క విస్పందనము. 192 ఉంచినచో విస్పందనములు మాయమగును.

ఈ ప్రయోగమును గాంధారముతో చేసినచో శ్రుతి విలువ మరింత స్పష్టమగును. రెండు గొంతులకును రంపపు పంటి తరంగమిచ్చి, ఒకదానిలో షడ్జమమును, మరియొకదానిలో 23, 112 తో శుద్ధ గాంధారమును నిలుపవలెను. రెండును ఒకటిగా కలిసిపోవును. ఇప్పుడు గాంధారపు చిన్న గదిలో 112 కు బదులు 160 ఉంచినచో స్వరసంఖ్య 6048 అగును. ఇది సమాన విభాగ పద్ధతిలోని గాంధారము. వెంటనే ధ్వనిలో ఒక గరగర పుట్టును. షడ్జమపు అయిదవ అనుస్వరమును, గాంధారపు నాలుగవ అనుస్వరమును సరిపడక, సెకనుకు సుమారు 11 విస్పందనములు కలుగుటయే దీనికి కారణము. తంబురా శ్రుతికి చేర్చి పాడు గాయకుడు గాంధారమును ఏల కొంచెము దించి పాడునో ఈ గరగర చెప్పును.

ఇక రచనలో మూడు గొంతులను ఎట్లు పంచుకొనవలెను? సామాన్యముగా ఒక గొంతు రాగమునకు, ఒకటి మంద్ర స్వరములకు, ఒకటి తోడు స్వరములకు. కాని తాళవాద్యమెక్కడ? 1980లలో ఈ యంత్రముపై సంగీతము కట్టిన రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే మొదలగువారు ఇట్టి ప్రశ్నలకు చక్కని ఉపాయములను వాడిరి. మంద్ర స్వరము మొదలగునప్పుడు, మొట్టమొదట సెకనులో 50వ వంతు కాలము ఆ గొంతుతోనే రొద పలికించి, ఆ వెంటనే స్థాయిని చురుకుగా దించినచో మద్దెల దెబ్బ వినిపించును. పిమ్మట అదే గొంతు మంద్ర స్వరమునకు మరలును. చెవి రెండు వాద్యములను విన్నట్లు భ్రమపడును. అట్లే మూడు స్వరముల పాశ్చాత్య శ్రుతిమేళమునకు మూడు గొంతులను వెచ్చింపక, ఒకే గొంతుతో ఆ మూడింటిని సెకనులో 50వ వంతుకొకటి చొప్పున త్రిప్పుదురు. ఆ కాలపు కంప్యూటరు ఆటలలో వినవచ్చు గలగలమను ధ్వని ఇట్లు పుట్టినదే. హబ్బర్డ్ 1985లో ‘మాంటీ ఆన్ ద రన్’ అను ఆటకు కట్టిన సంగీతము ఈ విద్యకు పేరుపొందిన ఉదాహరణ.

కర్ణాటక బాణీకి ఈ పంపకము వేరుగా ఉండవచ్చును. మూడవ గొంతులో 2400 తో మంద్ర షడ్జమమును, రెండవ గొంతులో 3600 తో మంద్ర పంచమమును నిలిపినచో శ్రుతి సిద్ధమగును. మొదటి గొంతు పాటకు మిగులును.

కాలము, గమకము

బేసిక్ ప్రోగ్రాము మెల్లగా నడచును. మూడు గొంతులను తాళము తప్పకుండ నడుపుట దానికి కష్టము. అందుచేత అనుభవజ్ఞులు యంత్రభాషలో ఒక చిన్న ‘వాద్యగాడు’ ప్రోగ్రామును వ్రాయుదురు. టెలివిజను తెరపై బొమ్మ సెకనుకు 50 సార్లు తిరిగి గీయబడును. బొమ్మ గీయబడినప్పుడెల్ల ఈ వాద్యగాడు ఒకసారి మేల్కొని, కావలసిన గదులలో కొత్త సంఖ్యలను ఉంచి, తిరిగి నిద్రించును. ఈ 50వ వంతు సెకనే ఈ సంగీతమునకు కాలప్రమాణము. అమెరికాలో బొమ్మ సెకనుకు 60 సార్లు గీయబడుటచే, ఐరోపా రచనలు అక్కడి యంత్రములపై ఆరింట ఒక వంతు త్వరగా ముగిసిపోవును.

కావున లయను ఎన్నుకొనుటలో లెక్క అవసరము. అక్షరమునకు 25 ప్రమాణములు పెట్టినచో రెండవ కాలము చేయుటకు వీలుపడదు. 25 సగమునకు తెగదు. 24 పెట్టినచో రెండవ కాలమునకు 12, మూడవ కాలమునకు 6, తిశ్రగతికి 8 వచ్చును. ఖండగతి కావలసినచో 5 చే తెగు 20 నో, 30 నో ఎన్నుకొనవలెను. గతి భేదములు తెలిసినవానికి ఈ లెక్క క్రొత్త కాదు.

ప్రతి ప్రమాణమునకును స్వరసంఖ్యను కొంచెము మార్చగలుగుట ఈ పద్ధతిలోని గొప్ప సౌకర్యము. 4800 నుండి 5120 కు ఒక్కసారి దూకక, ప్రమాణమునకు 40 చొప్పున ఎనిమిది ప్రమాణములలో పెంచినచో, షడ్జమము నుండి రిషభమునకు జారు ఏర్పడును. ఒక స్వరసంఖ్య చుట్టును కొంచెము పైకి, కొంచెము క్రిందికి ఊపినచో కంపితము. గాయకుని గమకములోని సూక్ష్మములన్నియు ఇంత మాత్రమున రావు. కాని ఏ గమకము ఎంత దూరము, ఎంత సేపు జరుగుచున్నదో సంఖ్యలలో వ్రాసి చూడవలసి వచ్చుటచే, విద్యార్థి అంతకు ముందెన్నడును విననంత శ్రద్ధగా వినును.

వ్రాత పరికరములు

మొదటి తరమువారు స్వరములను సంఖ్యల పట్టికలుగా ప్రోగ్రాములోనే టైపు చేసిరి. 1986లో జర్మనీ దేశపు క్రిస్ హ్యూల్స్‌బెక్ ‘సౌండ్ మానిటర్’ అను ప్రోగ్రామును ఒక కంప్యూటరు పత్రికలో ప్రకటించెను. పాఠకులు దానిని పత్రికలో చూచి యంత్రములో కొట్టుకొని వాడుకొనిరి. మరుసటి సంవత్సరము, 1987లో, అమీగా కంప్యూటరుకై కార్స్టెన్ ఒబార్‌స్కీ వ్రాసిన ‘అల్టిమేట్ సౌండ్ ట్రాకర్’ వెలువడినది. అటుపిమ్మట ఇట్టి ప్రోగ్రాములకు ట్రాకర్లను పేరు స్థిరపడినది.

ట్రాకరులో ఒక్కొక్క గొంతుకు ఒక నిలువు వరుస ఉండును. కాలము పై నుండి క్రిందికి నడచును. కొన్ని పంక్తుల భాగమునకు ఒక నంబరిచ్చి, ఏ భాగము తరువాత ఏ భాగము రావలెనో వేరొక జాబితాలో వ్రాయుదురు. కీర్తనలో చరణమైన పిమ్మట ‘పల్లవి’ అని మాత్రము వ్రాసి ఊరకుండినట్లే, మరల వచ్చు భాగమును తిరిగి వ్రాయనక్కరలేదు. 64 కిలోబైట్లలో ఆట, బొమ్మలు, సంగీతము అన్నియు ఇమడవలసి ఉన్నందున, పాట మొత్తము కొన్ని కిలోబైట్లకు మించకుండుటకు ఈ పొదుపే ఆధారము.

ఈనాడు కమోడోర్ 64 యంత్రము లేకున్నను పని ఆగదు. ‘వైస్’ అను ఉచిత ప్రోగ్రాము సాధారణ కంప్యూటరుపై ఆ యంత్రమును అనుకరించును. పై ఆదేశములన్నియు అందులో పనిచేయును. ఫిన్లాండుకు చెందిన లాసె ఓర్ని వ్రాసిన ‘గోట్ ట్రాకర్’ సిడ్ చిప్పుకు పాటలు కట్టుటకు ఎక్కువగా వాడుకలో ఉన్నది. ‘హై వోల్టేజ్ సిడ్ కలెక్షన్’ అను భాండాగారములో 50,000 కు పైగా రచనలు భద్రపరచబడినవి. సిడ్ చిప్పులు రెండు రకములని మాత్రము గుర్తుంచుకొనవలెను: మొదటి 6581, తరువాతి 8580. రెండింటి వడపోత మండలములు ఒకే విధముగా పనిచేయవు. 6581 లోనైతే ఒక చిప్పుకును మరొక చిప్పుకును కూడ తేడా కనబడును. కావున వడపోతను వాడి కట్టిన పాట ఏ చిప్పుకు ఉద్దేశింపబడినదో వ్రాసి ఉంచుట మంచిది. ఈ చిప్పుల తయారీ ఎన్నడో ఆగిపోయినది. పనిచేయు పాతవి క్రమముగా తగ్గిపోవుచున్నవి.

ట్రాకర్లలోని స్వరముల పట్టిక సామాన్యముగా సమాన విభాగ పద్ధతిలోనిదే. గాంధారపు గరగరను ఒకసారి విన్న విద్యార్థి ఆ పట్టికతో తృప్తిపడకపోవచ్చును. అట్టివాడు మొదట పై బేసిక్ ప్రోగ్రాములో తన రాగమునకు తానే సంఖ్యలు కట్టుకొని, రెండు శ్రుతి గొంతులపై పాడించి, చెవికి సరిపోయిన పిమ్మట పెద్ద పరికరములకు పోవుట ఉచితము. తొలి రచనకు ఒక్క ఆవర్తము చాలును: ఎనిమిది అక్షరములు, ఒక రాగము, ఒక తీగ ధ్వని. మరునాడు అదే ఆవర్తమును వేణువు ధ్వనితో వినవలెను. మూడవనాడు ఒక్క స్వరమునకు జారు చేర్చవలెను. ప్రతిసారియు ఒక్క సంఖ్యను మాత్రమే మార్చి, మార్పును చెవితో గుర్తించి, కాగితముపై వ్రాసికొనవలెను. ధ్వని పాఠము చెప్పు ఉపాధ్యాయుడును, సంగీతము నేర్పు ఉపాధ్యాయుడును ఒకే గంటలో ఒకే బల్లవద్ద కూర్చుండి విద్యార్థులకు ఈ పని చూపవచ్చును.